కూలీల చిట్టాలో దాగిన ఎండలు

నేను వైను తాగను. ఆ సంగతి ముందే చెప్పడం మంచిది, లేకుంటే ఏ సీసా కొనాలో చివరికి చెబుతానని ఎదురుచూసే మిత్రులు నిరాశపడతారు. ద్రాక్షతో నా పరిచయం మన లాక్షణికులు చెప్పిన ద్రాక్షాపాకం దగ్గరే ఆగిపోయింది. అటువంటి నాకు కొన్నేళ్ళ క్రితం, ఎమాన్యుయెల్ ల రువా లదురీ అనే ఫ్రెంచి చరిత్రకారుడు 1967లో వెలువరించిన వాతావరణ చరిత్ర ఆంగ్లానువాదంలో దొరికింది. రాజులనూ యుద్ధాలనూ వెతుక్కుంటూ పుస్తకం తెరిస్తే ద్రాక్షకోతల తేదీలు ఎదురయ్యాయి. మొదట విసుగనిపించింది. కొంత దూరం వెళ్ళాక, ఆ తేదీలలో ఎండలూ చలిగాలులూ ఆకలీ కూడా ఉన్నాయని తెలిసి పుస్తకం వదలలేకపోయాను.

వైను సీసామీద ఒక సంవత్సరం అచ్చువేసి ఉంటుంది. దానినే వింటేజి అంటారు. అది ద్రాక్ష కోసిన సంవత్సరం. సీసా నింపింది ఆ తరువాత ఎప్పుడైనా కావచ్చు. తోట అదే, తీగలు అవే, పని తెలిసిన చేతులూ అవే. అయినా ఒక ఏటి వైనుకు మరుసటి ఏటి వైనుతో పోలిక ఉండదు. ఆ తేడా చాలావరకు ఆకాశానిదే.

ఫ్రాన్సులోని బర్గండీ ప్రాంతాన్నే తీసుకుందాం. అక్కడ ఏప్రిల్‌లో తీగ చిగురిస్తుంది. ఆ రోజుల్లో ఒక్క రాత్రి నీరు గడ్డకట్టేంత చలి వేసినా చిగురు మాడిపోతుంది. జూన్‌లో పూత. అప్పుడు చలీ వానా పట్టుకుంటే పూత రాలిపోయి పిందె నిలవదు. పూతనుంచి కోతకు సుమారు వంద రోజులు. ఆగస్టులో కాయ రంగు తిరుగుతుంది, అప్పటినుంచి తీపి పెరుగుతూ పులుపు తగ్గుతూ వస్తుంది. లీటరు రసంలో సుమారు 17 గ్రాముల చక్కెర పులిస్తే ఒక శాతం ఆల్కహాలు వస్తుంది. కనుక ఎండ చాలని ఏట వైను పలచగా, పుల్లగా ఉంటుంది. ఎండ మితిమీరితే మరో చిక్కు. పులుపు హరించుకుపోతుంది; తొక్కా గింజా పక్వానికి రాకముందే తీపి ముదిరిపోతుంది. ఇవన్నీ దాటుకుని వచ్చాక సెప్టెంబరులో వానలు కురిస్తే, కాయ నీరు తాగి ఉబ్బి, తొక్క చిట్లి, బూజు పడుతుంది. అందుచేత ఏడాది కష్టమంతా ఒక ప్రశ్న దగ్గరికి వచ్చి ఆగుతుంది: కోత ఎప్పుడు? ఇంకో వారం ఆగితే తీపి పెరగవచ్చు. ఆ వారంలోనే వాన వచ్చి ఉన్నదంతా పోనూవచ్చు.

పాత బర్గండీలో ఈ ప్రశ్నకు జవాబు ఎవరికి వారు చెప్పుకోవడానికి వీలులేదు. అనుభవజ్ఞులు తోటలు తిరిగి చూసేవారు. వారి మాట విని ఊరి పెద్దలు కోత మొదలుపెట్టే రోజును చాటించేవారు. దానిని ‘బాన్ దె వాందాంజ్’, అంటే ద్రాక్షకోతల చాటింపు, అనేవారు. ఆ రోజు రాకుండా కాయ తెంపితే జరిమానా. ఈ కట్టుబాటులో వైను నాణ్యత ఒక భాగం మాత్రమే. పచ్చికాయ కోసి ఊరి వైనుకు చెడ్డపేరు తేకుండా చూడడం, పక్కతోటలో దొంగతనాలు ఆపడం, చర్చికి రావలసిన పదోవంతును లెక్కగా వసూలు చేయడం, ఇవన్నీ ఒకే చాటింపుతో జరిగిపోయేవి.

దిజోన్‌కు దక్షిణంగా బోన్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి నోత్ర్ దామ్ చర్చికి సొంత తోటలుండేవి. కోతకు వచ్చిన కూలీలకు ఏ రోజు ఎంత ఇచ్చారో చర్చి లెక్కల పుస్తకంలో రాసుకునేవారు. ఆ గుమాస్తాకు ఎండావానలతో పనిలేదు, పద్దు సరిపోతే చాలు. సాక్ష్యం చెబుతున్నానని ఎరగని సాక్షి అబద్ధమాడడు. అందుకే ఆ చిట్టాలు ఇవాళ వాతావరణ శాస్త్రజ్ఞులకు అంత విలువైనవయ్యాయి. కోత త్వరగా మొదలైతే వసంత గ్రీష్మాలు వేడిగా గడిచాయని, ఆలస్యమైతే చల్లగా గడిచాయని లెక్క. ఈ సూత్రాన్ని స్విట్జర్లాండులో లూయీ ద్యుఫూర్ 1870లోను, ఫ్రాన్సులో ఆల్ఫ్రెడ్ ఆంగో 1880లలోను పట్టుకున్నారు. లదురీ దానిని చరిత్రకారుల చేతికి అందించాడు.

అయితే తేదీని గుడ్డిగా నమ్మడానికి లేదు. క్యాలెండరే ఒక చిక్కు. ఫ్రాన్సులో 1582 డిసెంబరు 9 మరునాడు 20వ తేదీ అయింది. కనుక అంతకు ముందరి తేదీలకు, శతాబ్దాన్నిబట్టి ఎనిమిది నుంచి పది రోజులు కలపాలి. సైనికులు వస్తున్నారంటే పచ్చికాయే కోసేసేవారు. చిక్కటి వైనుకు గిరాకీ పెరిగితే మరికొన్నాళ్ళు ఆగేవారు. అన్నిటికన్నా నన్ను ఆకట్టుకున్నది 1540. ఆ ఏడు మధ్య యూరపులో నెలల తరబడి చుక్క వాన లేదు, నదులు ఎండిపోయాయి. కోత చాలా ముందుగా జరిగి ఉంటుందనుకుంటాం. కాని కాయ తీగమీదే ఎండుద్రాక్షలా వడలిపోతే, వాన పడి మళ్ళీ రసం పడుతుందేమోనని చాలాచోట్ల కోత ఆపుకుని కూర్చున్నారు. తేదీని మాత్రమే చూసేవాడికి ఆ ఘోరమైన ఎండ తక్కువగా కనిపిస్తుంది. పక్కన ఇతర కాగితాలు పెట్టుకుని చదివితేనే నిజం బయటపడుతుంది. విచిత్రమేమంటే, జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో ఆ ఏటి ద్రాక్షతో చేసిన వైనును 1961లో లండనులో హ్యూ జాన్సన్ అనే రచయిత రుచి చూశాడు. నాలుగు వందల ఇరవయ్యేళ్ళ నాటి ఎండ రెండు గుక్కల పాటు నిలిచి, గాలి తగలగానే పులిసిపోయిందట.

మంచి ఏటికీ చెడ్డ ఏటికీ మధ్య దూరం ఎంతో చూడాలంటే 1811ను, 1816ను పక్కపక్కన పెట్టాలి. 1811లో ఆకాశంలో పెద్ద తోకచుక్క నెలల తరబడి కనిపించింది. ఆ ఏటి వైను అద్భుతంగా కుదిరితే జనం ఆ ఘనతను తోకచుక్కకే కట్టబెట్టారు. ఆ సంవత్సరపు షాతో దికెమ్ సీసా ఒకటి 2011లో 75,000 పౌండ్లకు అమ్ముడుపోయింది. ఇక 1815 ఏప్రిల్‌లో ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం బద్దలైంది. దాని ప్రభావంతో 1816లో యూరపుకు ఎండాకాలమే రాలేదు. ద్రాక్షకోత బాగా ఆలస్యమై అక్టోబరులో సాగింది. చేసిన వైను పులుపు. అయితే ఆ ఏట పుల్లటి వైనును గురించి ఎవరు ఏడుస్తారు? గోధుమ కూడా పండలేదు, రొట్టెకోసం అల్లర్లు జరిగాయి. 1690లలోనూ ఇదే కథ. ద్రాక్ష ఆలస్యమైన చల్లని, తడి సంవత్సరాలలోనే గోధుమ పాడై, 1693-94 కరువులో ఫ్రాన్సులో పది లక్షలకు పైగా జనం పోయారు. ఒక వర్గానికి పుల్లటి వింటేజి అయినది, మరొక వర్గానికి చావు.

తొమా లబే, ఆయన సహచరులు 2019లో బోన్ పట్టణపు తేదీలను తిరిగి మూలప్రతులనుంచే ఎత్తి రాశారు. చర్చి చిట్టాలు, పురపాలక సభ తీర్మానాలు, ఆపైన ఇటీవలి ఆధారాలు కలిపి 1354 నుంచి 2018 వరకు వరుస కుదిరింది. 1659 నుంచి లభించే పారిస్ ఉష్ణోగ్రతలతో దానిని సరిచూశారు. ఫలితం చిన్న వాక్యంలో చెప్పవచ్చు. 1354 నుంచి 1987 వరకు కోత సగటున సెప్టెంబరు 28న మొదలయ్యేది. 1988 నుంచి 2018 వరకు అంతకన్నా పదమూడు రోజులు ముందుగా మొదలైంది. పూర్వం కూడా విపరీతంగా ఎండకాసిన సంవత్సరాలున్నాయి, అయితే అవి ఎప్పుడో ఒకసారి వచ్చిపోయేవి. 1988 తరువాత అవే మామూలయ్యాయి.

‘త్వరగా కోసిన ఏడు మంచి ఏడు’ అన్నది శతాబ్దాలపాటు ఉత్తరాది ద్రాక్షరైతుకు నమ్మకం. ఆ సూత్రం ఇప్పుడు చెల్లడంలేదు. 2003లో బర్గండీలో ఆగస్టులోనే కోతలు మొదలయ్యాయి. వైను చాలాచోట్ల పులుపు చాలక బరువెక్కింది. ఆ ఆగస్టు వడగాడ్పులకు ఫ్రాన్సులో సుమారు 15,000 మంది, ఎక్కువగా వృద్ధులు, చనిపోయారు. 2021లో మార్చి వేడికి తీగలు తొందరపడి చిగురించాయి. ఏప్రిల్‌లో చలి విరుచుకుపడితే రైతులు రాత్రంతా సాళ్ళ మధ్య మంటలు వెలిగించి కాపలా కాశారు. అయినా చిగురు విస్తారంగా మాడింది. ముందుగా రావడమే తీగకు ముప్పయింది.

ఇదంతా చదివాక మన సంగతి తలపుకు రాక మానదు. మనకూ సంవత్సరాలకు పేర్లున్నాయి, ఆకాశం చేసిన పనిని ఆ పేరుతోనే గుర్తుపెట్టుకున్నాం. 1832-33లో గుంటూరు సీమను తుడిచిపెట్టిన కరువును నందన కరువంటాం. వారు మంచి ఏటిని సీసాలో దాచుకుంటే మనం చెడ్డ ఏటిని మాటలో దాచుకున్నాం. కాని మాటలో తేదీ ఉండదు. ఏ కార్తెలో తొలకరి పడింది, ఏ రోజున నాట్లు వేశారు, ఏ రోజున కోతకూలి ఇచ్చారు అన్నవి ఎవరో ఒకరి పద్దులోనే ఉంటాయి.

మీ ఇంట అటకమీద తాతలనాటి వ్యవసాయపు చిట్టా ఏదైనా ఉంటే, చెదలు పట్టిందని పారేయకండి. కూలి ఏ రోజున ఇచ్చారో చూడండి. బోన్ చర్చి గుమాస్తా కూడా అంతకు మించి ఏమీ రాయలేదు.