తుపాకి నుండి కెమెరాకు: తీరపక్షుల ఛాయాచిత్రం - చారిత్రక ఆధారం

వ్యాససంగ్రహం: తీరపక్షుల ఛాయాచిత్రాన్ని సాధారణంగా కళగా, అభిరుచిగా చూస్తారు. అది చెరువు ఒడ్డు చరిత్రకు ఆధారం కూడా. కూర్పు, కాంతి, సవరణ అనే మూడు దశల్లో ఆ ఆధారం ఎలా నిలుస్తుందో, ఎలా చెరిగిపోతుందో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలను దృష్టిలో ఉంచుకొని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: తీరపక్షులు, తీతువు, ఉల్లంకి, కలివికోడి, ఛాయాచిత్రం, శిఖం.

1. ఉపోద్ఘాతం

తీరపక్షి తెలుగువారికి కొత్త కాదు. పంచతంత్రంలోని మిత్రభేదంలో, తమ గుడ్లను అపహరించిన సముద్రంతో తలపడిన టిట్టిభ దంపతుల కథ ప్రసిద్ధం. ఆ టిట్టిభమే మన తీతువు. దాని కూతను అపశకునంగా భావించే నమ్మకం పల్లెల్లో ఉంది. చెరువు శిఖంలో బురదను ముక్కుతో పొడిచే ఉల్లంకి, గులకరాళ్లలో కలిసిపోయే రెవ్వ కూడా ఈ వర్గానివే. కథలోనూ శకునంలోనూ పక్షి కనిపిస్తుంది. అయితే అది ఏ ఊరి చెరువులో, ఏ నెలలో, ఎంత నీటిమట్టం ఉన్నప్పుడు కనిపించిందో వాటివల్ల తెలియదు. ఆ వివరాన్ని భద్రపరచగల సాధనం ఛాయాచిత్రం.

2. వేట నుండి చిత్రానికి

హైదరాబాదు రాజ్యంలో వన్యప్రాణి మొదట వేట ఫలితంగానే కెమెరా ముందుకు వచ్చింది. ఆరవ నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్ దయాళ్ సంస్థ 1902లో తీసిన చిత్రంలో లార్డ్ కర్జన్ చచ్చిన పులి పక్కన నిలబడి ఉంటాడు. అప్పటికే ఇంగ్లండులో మరో దారి తెరుచుకుంది. గూటిపై పొదుగుతున్న తీతువు జాతి పక్షిని చిత్రించినందుకు రెజినాల్డ్ లాడ్జ్‌కు 1895లో రాయల్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ పతకం లభించింది. సజీవ పక్షి చిత్రకళకు తొలి గౌరవాల్లో ఒకటి తీరపక్షి ద్వారానే దక్కడం గమనార్హం.

1931-32లో సాలిం అలీ హైదరాబాదు రాజ్యంలో పక్షుల సర్వే నిర్వహించారు. నేటి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అప్పుడు ఆ రాజ్యంలోని కరీంనగర్ జిల్లాలో ఉండేవి. ఆనాటి పద్ధతిలో ఒక జాతి ఉనికికి ప్రధాన ఆధారం, కాల్చి తెచ్చి భద్రపరచిన పక్షి చర్మమే.

3. కలివికోడి ఉదాహరణ

ఆధారంగా చిత్రానికి ఉన్న విలువ కలివికోడి విషయంలో స్పష్టమవుతుంది. ఇది పొదల అడవిలో తిరిగే పక్షి అయినా శాస్త్రీయంగా తీరపక్షుల క్రమానికే చెందుతుంది. 1900 తర్వాత జాడలేదనుకున్న ఈ పక్షిని 1986లో కడప జిల్లాలో భరత్ భూషణ్ స్థానికుల సహకారంతో మళ్లీ గుర్తించారు. రాత్రిపూట సంచరించే ఈ పక్షి జాడ కోసం తరువాతి పరిశోధకులు మెత్తని మట్టి పట్టీలపై పాదముద్రలను, స్వయంచాలక కెమెరాలను ఉపయోగించారు. ఆ పద్ధతి వివరాలు 2002లో 'ఓరిక్స్' పత్రికలో వెలువడ్డాయి. దాని ఆవాసాన్ని కాపాడేందుకు తెలుగుగంగ కాలువ మార్గాన్ని మార్చవలసి వచ్చింది. కళాత్మకత ఏమాత్రం లేని యాంత్రిక చిత్రం కూడా ఒక జాతి ఉనికికి సాక్ష్యం కాగలదని దీనివల్ల తెలుస్తుంది.

4. కూర్పు, కాంతి, సవరణ

4.1 కూర్పు: కెమెరాను నీటిమట్టానికి దించి, పక్షి కంటి ఎత్తు నుండి తీస్తే వెనుక దృశ్యం మసకబారి పక్షి ప్రస్ఫుటమవుతుంది. పక్షి చూసే వైపు ఖాళీ విడవడం స్థిరపడిన సూత్రం. కానీ వెనుకనున్న కట్ట, తూము, మత్తడి పూర్తిగా కరిగిపోతే చిత్రం ఏ చెరువుదో చెప్పలేం. అందువల్ల దగ్గరి చిత్రంతో పాటు ఒడ్డును చూపే విశాలచిత్రం కూడా అవసరం.

4.2 కాంతి: కెమెరా కాంతిమాపకం ప్రతి దృశ్యాన్నీ మధ్యస్థ బూడిదరంగుగా లెక్కిస్తుంది. నల్లరెక్కలు, తెల్లని పొట్ట గల పొడుగుకాళ్ల ఉల్లంకి ముదురు నీటి ముందు నిలిస్తే తెలుపు వెలిసిపోతుంది. అప్పుడు కాంతిని తగ్గించాలి. మెరిసే నీటి ముందు పక్షి నల్లని నీడగా మిగులుతుంది, అప్పుడు పెంచాలి. వెలిసిపోయిన తెలుపులోని ఈకల వివరం తరువాతి సవరణలోనూ తిరిగి రాదు.

4.3 సవరణ: చిన్న రెవ్వను గుర్తించడానికి కంటి చుట్టూ ఉన్న పసుపు వలయం, ఉల్లంకుల్లో జాతిభేదానికి వీపు మీది చుక్కలు, రెక్కల అడుగు రంగు ముఖ్యం. రంగులను అతిగా పెంచినా, నలకలను తొలగించే క్రమంలో చుక్కలను చెరిపినా గుర్తింపే తప్పవచ్చు. అందం కోసం ఒడ్డున పడిన ప్లాస్టిక్ సంచిని, తెగిన వలను తుడిచివేయడం ఆనాటి చెరువు స్థితిని తుడిచివేయడమే. మార్పు లేని మూలచిత్రాన్ని తేదీ, స్థలవివరాలతో సహా విడిగా భద్రపరచాలి.

5. ముగింపు

2015లో మొదలైన మిషన్ కాకతీయ చెరువుల పూడిక తీయించింది. మధ్యమానేరు జలాశయం ఊళ్లను ముంచి, సిరిసిల్ల ప్రాంతంలో కొత్త ఒడ్డును సృష్టించింది. తీరపక్షికి కావలసింది లోతు నీరు కాదు, నీరు తీసినచోట మిగిలే పలుచని బురద అంచు. నీరు నిలవాలన్నది రైతు అవసరం. అంచు మిగలాలన్నది పక్షి అవసరం. ఆ అంచు ఏ చెరువులో, ఏ నెలలో ఎంత మిగులుతోందో చర్చించాలంటే ఏటేటా ఒకే చోటు నుండి తీసిన చిత్రాలు కావాలి. ఈ మూడు పట్టణాల ఛాయాచిత్రకారులు, కళాశాల విద్యార్థులు సవరించని మూలచిత్రాలను సేకరించి భద్రపరిస్తే, అవి రేపటి స్థానిక చరిత్రకారునికి శాసనమంత విలువైన ఆధారాలవుతాయి.