అంగడిలో వేలం దేనికి? పలుపు పట్టినోళ్ళ చరిత్ర

పాలమూరు, నల్లగొండ మెట్ట ప్రాంతాల పశువుల అంగడి గురించి మాట్లాడేటోళ్ళు ధర గురించి మాట్లాడతారు, ఎద్దు జాతి గురించి మాట్లాడతారు, దలాలీ గురించి మాట్లాడతారు. ఆ ఎద్దును అంగడి దాకా నడిపించుకొచ్చిన మనిషి ఈ లెక్కల్లో ఎక్కడా కనబడడు. తరతరాలుగా ఆ పలుపు పట్టింది ఎక్కువగా మాదిగ, మాల జీతగాళ్ళు. అందుకే మేము అంగడి చరిత్రను ఆ పలుపు దగ్గర్నుంచి చూడాలనుకుంటున్నాం.

మన దిక్కు పెబ్బేరు శనివారం అంగడిలో గానీ, చిట్యాల, కొండమల్లేపల్లి అంగళ్ళల్లో గానీ ఎడ్లకు గొంతెత్తి పాట పాడే రివాజు లేదు. కొనేటోడు పండ్లు చూస్తాడు, సుడులు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు. ఆ తర్వాత దలాల్ తువ్వాల కప్పి, దాని కింద వేళ్ళు పట్టి బేరం చేస్తాడు. చుట్టూ నిలబడ్డోళ్ళకు అంకె తెలియదు. మరి వేలం లేదా అంటే, ఉంది. వేలానికి వచ్చేది అంగడే. తైబజారు వసూలు చేసుకునే హక్కును పంచాయతీలు ఏడాదికోసారి వేలం వేస్తాయి. ధరావతు కట్టగలిగినోడే ఆ పాట పాడుతాడు. నిజాం రాజ్యంలో 1930లో వ్యవసాయ మార్కెట్ల చట్టం వచ్చింది. 1966లో ఆంధ్రప్రదేశ్ చేసిన చట్టం తన పేరులోనే 'పశుసంపద'ను చేర్చుకుంది. ఫీజు, లైసెన్సు, కమిటీ అన్నీ వచ్చినయి. తువ్వాల మాత్రం తొలగలేదు.

ఎద్దు గుణం అందరికన్నా ఎక్కువ తెలిసినోడు జీతగాడు. ఏ ఎద్దు వలపట లాగుతది, ఏది దాపట పనికొస్తది, ఏది ఎండకు రొప్పుతది, ఏది పొడుస్తది, ఇదంతా ఏళ్ళ తరబడి కొట్టంలో పండుకొని, పొద్దున లేచి పేడ ఎత్తి నేర్చుకున్న విద్య. దొర చేసిన బేరానికి బలమిచ్చింది ఈ విద్యే. ఆ బేరంలో మాత్రం జీతగానికి మాట లేదు. ఎందుకంటే ఆయన కూడా అప్పు కింద కట్టుబడినోడే. భగేలా అనే ఈ కట్టుబాటును అదుపు చేయడానికి నిజాం ప్రభుత్వం 1943లో రెగ్యులేషన్ తెచ్చింది. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చింది. ఎద్దు అంగట్ల చేతులు మారేది. జీతగాడు మాత్రం చేసిన అప్పు తీరేదాకా అదే గడప కింద ఉండేటోడు.

బతికిన ఎద్దు దొరది, చచ్చిన గొడ్డు మాదిగోళ్ళది. ఊరు పెట్టిన లెక్క ఇది. ఆ తోలుతోనే మోట బొక్కెనలు, పగ్గాలు, చెప్పులు తయారయ్యేవి. వీటిలో ఎన్నో వెట్టి కింద ఉత్తగనే ఇయ్యాల్సి వచ్చేది. మోటబావి కింద పండిన పంటలో తోలు పని చేసినోళ్ళ వాటా ఎంత? కురుమూర్తి జాతరలో దేవునికి సమర్పించే ఉద్దాలను వడ్డెమాన్‌లో దళితులే తోలుతో తయారు చేస్తారు. ఆ చేతుల పనిని దేవుని పాదాల దగ్గర గౌరవించే సమాజం, ఆ చేతులకు ఎద్దు పలుపును సొంతంగా ఎన్నేండ్లకు ఇచ్చింది?

సొంత గొడ్డు మా వాడలకు రెండు దారుల్లో వచ్చింది. మొదటిది పాలుకు పెంచుడు. కాపుదనపోళ్ళ దూడను సాకి, పెద్దయినంక వచ్చిన ధరలో సగం తీసుకునుడు. రెండోది సర్కారు అప్పు. 1974లో ఎస్సీ కార్పొరేషన్ ఏర్పడింది. 1978లో మొదలైన సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకం 1980 నాటికి దేశంలోని అన్ని బ్లాకులకు విస్తరించింది. మా పెద్దలు కొనుగోలుదార్లుగా అంగట్ల అడుగుపెట్టింది అప్పుడే. చెవికి బీమా బిళ్ళ పడ్డది, చేతికి అప్పు పుస్తకం వచ్చింది. తువ్వాల కింద వేళ్ళు మాత్రం ఇతరులవే. పూరా ధర తెలియకుండనే అప్పు నెత్తిన పడ్డోళ్ళు ఉన్నారు.

ముసలి ఎద్దు దగ్గర ఈ ప్రశ్న ఇంకా పదునెక్కుతుంది. ఎకరం రెండెకరాల చెలక ఉన్నోనికి ముసలి ఎద్దు అమ్మిన పైకమే కొత్త కోడెకు మొదటి పెట్టుబడి. కరువు ఏడు అదే ఇంటికి గింజలు. 1977 చట్టం ఆవుల, దూడల వధను నిషేధించి, ఎడ్లకు సర్టిఫికెట్ షరతు పెట్టింది. 2017 మే 23న కేంద్రం తెచ్చిన నియమాలు వధ కోసం అంగట్ల పశువులను అమ్మొద్దన్నయి. హైదరాబాదు ఖురేషీలు కూడా సుప్రీంకోర్టుకు పోయిన్రు. జులై 11న ఆ నియమాల అమలు ఆగింది. ఖురేషీ కొనకపోతే నష్టపోయేది ఆయనొక్కడే కాదు. ముసలి ఎద్దును ఊరికే మేపలేని చిన్న రైతు, అందులోనూ కొత్తగా పలుపు సొంతం చేసుకున్న దళిత రైతు, ముందుగా దెబ్బ తింటాడు. ఆవును పూజించమని చెప్పేటోడు దాని మేతకు పైసలు ఇయ్యడు.

ఈ మధ్య అమ్రాబాద్ అడవి దిక్కు పొడ తూర్పు పశువులకు జాతిగా అధికార గుర్తింపు వచ్చింది. మంచిదే. పశువు జాతిని రికార్డుకెక్కించిన దేశం దాన్ని సాకిన లంబాడీల, గొల్లల, జీతగాళ్ళ విద్యను ఏ రిజిస్టరులో రాసింది? ట్రాక్టర్లు వచ్చి ఎడ్ల అంగళ్ళు పలచబడుతున్నయి. మోట తొక్కిన, పలుపు పట్టిన ముసలోళ్ళు ఒక్కొక్కరే పోతున్నరు. పంచాయతీ వేలం పుస్తకాల్లో పాటదారుల పేర్లుంటయి. పలుపు పట్టినోళ్ళ పేర్లు వాళ్ళ నోటి నుంచే రాసుకోవాలె. విశ్వవిద్యాలయం గడప మొదటిసారి తొక్కిన మా తరం ఆ పని చేయకపోతే, ఆ చరిత్ర కూడా తువ్వాల కిందనే ఉండిపోతుంది.