వంటింటి తొట్టెలో తేలిన పొర

గిన్నెలు కడిగిన నీళ్లమీద జిడ్డు తెట్టు కట్టడం ఏ ఇంట్లోనైనా చూసేదే. జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ పట్టణంలో ఆగ్నెస్ పోకెల్స్ అనే అమ్మాయి ఆ తెట్టును కొలిచి చూసింది. పట్టుమని ఇరవై ఏళ్లు లేవు, కాలేజీ గడప తొక్కలేదు.

1862లో వెనిస్‌లో పుట్టింది. తండ్రి ఆస్ట్రియా సైన్యంలో పనిచేసేవాడు. మలేరియాతో ఒళ్లు చెడి ఉద్యోగం మానుకోవడంతో 1871లో కుటుంబం బ్రౌన్‌ష్వైగ్ చేరింది. అప్పట్లో అక్కడి విశ్వవిద్యాలయాలు ఆడవాళ్లను చేర్చుకునేవి కావు. చేర్చుకోవడం మొదలయ్యేసరికి జబ్బుపడ్డ తల్లిదండ్రుల సేవ, ఇంటి చాకిరీ ఆమె నెత్తిన పడ్డాయి. గోటింగెన్‌లో ఫిజిక్స్ చదివిన తమ్ముడు ఫ్రీడ్రిక్ పుస్తకాలు తెచ్చిచ్చేవాడు.

1882 నాటికి ఆమె పరికరం సిద్ధమైంది. 70 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పున్న రేకు తొట్టె. అంచుదాకా నీళ్లు నింపి, అడ్డంగా ఒక రేకుపట్టీ నీటికి ఆనేలా పెట్టేది. పట్టీని జరిపితే నీటిమీద దుమ్మూ జిడ్డూ ఊడ్చుకుపోయేవి. శుభ్రమైన ఆ నీటిమీద కొలిచిన నూనె వేసి, పట్టీని మళ్లీ దగ్గరికి తోస్తే పొర చిక్కబడేది. త్రాసుకు వేలాడదీసిన 6 మిల్లీమీటర్ల బిళ్లను నీటినుంచి పైకి లాగడానికి ఎంత బరువు కావాలో చూసి తలతన్యత లెక్కగట్టేది. పొరను ఎంత నొక్కినా ఒక హద్దు దాకా తలతన్యత దాదాపు మారదు. ఆ హద్దు దాటగానే గబుక్కున పడిపోతుంది. ఆ హద్దు దగ్గర నూనె అణువులు ఒకదాన్నొకటి ఆనుకుని ఒకే వరుసగా పరుచుకుంటాయని 1899లో ఇంగ్లండు భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ ఊహించాడు. ఆ పొర మందం మిల్లీమీటరులో పది లక్షల్లో ఒకటి రెండు వంతులే.

చాలా ఏళ్లపాటు ఆ ఫలితాలు అచ్చుకు నోచుకోలేదు. రేలీ కూడా ఇదే పనిమీద ఉన్నాడని తెలిసి 1891 జనవరి 10న ఆయనకే జర్మన్‌లో ఉత్తరం రాసింది. రేలీ భార్య దాన్ని ఇంగ్లీషులోకి మార్చింది. ఆ ఫలితాలను తన వ్యాసంలో ఒక మూల ప్రస్తావించి ఊరుకున్నా రేలీని అడిగేవాళ్లు లేరు. ఆయన ఆ పని చెయ్యలేదు. అచ్చువెయ్యమని సిఫారసు చేస్తూ ఉత్తరాన్ని ‘నేచర్’ పత్రికకు పంపాడు. మార్చి 12న అది ఆగ్నెస్ పేరుతోనే వచ్చింది. విజ్ఞానశాస్త్ర చరిత్రలో ఇంత పెద్దమనసు అరుదు.

అమెరికాలో ఇర్వింగ్ లాంగ్మ్యూర్ ఆ తొట్టెను మెరుగుపరిచి 1917లో కొత్త ఫలితాలు ప్రకటించాడు. 1932లో నోబెల్ అందుకున్నాడు. అదే ఏడాది బ్రౌన్‌ష్వైగ్ సాంకేతిక విశ్వవిద్యాలయం డెబ్భై ఏళ్ల ఆగ్నెస్‌కు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 1935లో ఆమె కన్నుమూసింది. ప్రయోగశాలల్లో ఆ తొట్టె ఇప్పటికీ ఎక్కువగా లాంగ్మ్యూర్ పేరుతోనే చలామణీ అవుతోంది. దాని ముందు పోకెల్స్ పేరు చేర్చడమే న్యాయం.