మునిగి లేచెడి వంతెన

వంతెన యన్నది నీటికి పైన నుండవలసిన వస్తువని మనమందరము నమ్మియుందుము. కాని రాయపట్నము కడ గోదావరిని దాటించి కరీంనగర, ఆదిలాబాదు జిల్లాలను కలిపిన పాత వంతెన, పెద్ద వరద వచ్చినపుడు మునుగుటకే సిద్ధపరచి కట్టిన లోలెవెల్ వంతెన యని తెలిసిన నాడు నాకు కలిగిన వింత యింకను తీరలేదు. ఏడాదిలో అధికభాగము ఇసుకల నడుమ సన్నగా పారి, వానకాలమున కొలదిదినములు మాత్రమే ఉగ్రరూపము దాల్చు నదిపై అంతెత్తు వంతెన కేల ధనము వెచ్చింపవలెనని తలచి, వరద నెత్తిమీదుగా పోవునట్లు ఇట్టివానిని కట్టుదురు. వీనికి ఎత్తైన పిట్టగోడ లుండరాదు. ఉన్నచో కొట్టుకొనివచ్చిన చెట్లు వానికి చిక్కుకొని, నీరు ఎగదన్ని, తుదకు వంతెననే పెకలించును.

ఆ సీమలో గోదావరిని పేరుపెట్టి పిలుచువారు తక్కువ. అది వారికి గంగ. ఎగువను పోచంపాటి ఆనకట్టకు 42 గేట్లు, ఉపనదియైన కడెముపై కట్టిన ఆనకట్టకు 18 గేట్లు. అవి లేచినవన్న వార్త రాగానే "గంగచ్చింది" అను మాట ఊరూర పాకును. ఈవలి గట్టున ధర్మపురి నరసింహుని దర్శించిన యాత్రికుడు, ఆవలి గట్టున గూడెము గుట్టపై వెలసిన సత్యనారాయణస్వామిని చూడవలెనన్న, నీరు తగ్గువరకు ఆగుటయో, చుట్టు తిరిగి పోవుటయో చేయవలసివచ్చెడిది. కడెము ఆనకట్టయే 1958లో వరదకు తెగినది. 2022 జూలైలో మూడు లక్షల క్యూసెక్కులు వదలగల ఆ కట్టపైకి ఐదు లక్షలకు మించి వచ్చిపడగా, ఒక గేటు మొరాయించియు, ఎట్లో నిలిచినది. అట్టి నీటి క్రింద తలవంచి, మరల బురదతో పైకి లేచుటయే రాయపట్నపు వంతెన వృత్తి.

ఆ వృత్తికి ముప్పు తెచ్చినది దిగువను 62 గేట్లతో వెలసిన ఎల్లంపల్లి. 2004లో శంకుస్థాపన జరిగి, శ్రీపాదరావు పేరు దాల్చిన ఆ జలాశయము నిండుగా 148 మీటర్ల మట్టమున 20 టీఎంసీలు నిలుపును. వచ్చిపోవు వరదకు అలవడిన వంతెనపై, వచ్చి పోనేపోని నీరు నిలిచినది. ప్రక్కన పొడవైన కొత్త వంతెన లేచినది. 1908లో మూసీ పొంగి ముంచెత్తగా, ఆ వరదను నిలువరించుటకై ఉస్మానుసాగరమును, హిమాయతుసాగరమును కట్టుకొన్న భాగ్యనగరమే నేడు ఈ ఎల్లంపల్లి నీటిని త్రాగుచున్నది.

ఐనను ఎల్లంపల్లి పేరు వినగానే నాకు మొదట స్ఫురించునది వంతెన కాదు, కోటిలింగాల. పెద్దవాగు గోదావరిలో కలియుచోట మట్టికోట, ఇటుక గోడలు గల ఈ పురాతన నగరపు నేలలో కొంత ఆ నీటి పాలైనది. ధర్మపురి వాస్తవ్యులు సంగనభట్ల నరహరిశర్మగారు వానకు బయల్పడిన నాణెములను ఏరి దాచగా, పరబ్రహ్మశాస్త్రిగారు వాని లిపిని పరిశీలించిరి; పిమ్మట పురావస్తుశాఖవారు త్రవ్వకములు సాగించిరి. గోబద, నారన, కంవాయసిరి, సమగోప: ఏ పురాణపు పట్టికలోను చోటు దొరకని ఈ రాజులు గోటి యంతటి లోహపు ముక్కలపై బ్రాహ్మీ యక్షరములలో బ్రదికియుండిరి! వారి వెనుక శాతవాహన వంశమునకు మూలపురుషుడైన సిముకుని నాణెములును దొరకుటచే, ఆ వంశపు తొలి రాజధాని యిదియే యని వాదించినవారు కలరు. ఆంధ్రులకు ప్రాకారములు గల నగరములు ముప్పది కలవని రోమక గ్రంథకర్త ప్లినీ వ్రాసెను. వానిలో నిది యొకటి యని నమ్ముటకు నా మనస్సు ఉవ్విళ్లూరును. అట్టిచోట పార మరల ఆడకుండ నీరు నింపుట న్యాయమా? పొలములకు నీరు వలదనను. కాని త్రవ్వుట ముగించి నింపిన ఏమి పోయెడిది?

మరల నది దాటు మాటకు వత్తము: శాతవాహనుల తరువాతి శతాబ్దములలో రేవులు, పుట్టివాండ్రు తప్ప నాకు చెప్పదగినది కానరాదు. నిజాము కాలమున ఎగువ సోను వద్ద రాతివంతెన వెలసినది. పోచంపాటికి దిగువ నుండుటచే అది మునుగక బ్రదికినది.

మొన్న కొత్త వంతెనపై బస్సు పోవుచుండగా, ముందు సీటులోని ముసలమ్మ కొంగుముడి విప్పి రూపాయి బిళ్ల తీసి, కిటికీ నుండి విసరి, "గంగమ్మ తల్లీ" యని మ్రొక్కినది. పాత వంతెన ఎచట నని అడిగితిని. "అగో, గా నీళ్లల్లనే ఉన్నది బిడ్డా. అప్పుడు చెయ్యి చాపితే గంగ అందినట్టుండేది, పైస యేస్తే చప్పుడినపడేది" అని, ఆమె కొంగు మరల ముడివేసికొన్నది.