ఐ.ఎన్.ఎస్.వి. తారిణి

ఐ.ఎన్.ఎస్.వి. తారిణి భారత నౌకాదళమునకు చెందిన ఒక తెరచాప నౌక. 2017 సెప్టెంబరు 10 నుండి 2018 మే 21 వరకు ఆరుగురు మహిళా అధికారులు ఈ నౌకపై భూగోళమును చుట్టివచ్చారు. పూర్తిగా మహిళలే నడిపిన నౌకపై భారతీయులు చేసిన తొలి భూప్రదక్షిణ ఇదే. ఈ యాత్రకు "నావికా సాగర పరిక్రమ" అని పేరు పెట్టారు. ఆరుగురిలో ఇద్దరు తెలుగువారు: విశాఖపట్నానికి చెందిన లెఫ్టినెంట్ కమాండర్ పి.స్వాతి, హైదరాబాదుకు చెందిన లెఫ్టినెంట్ బొడ్డపాటి ఐశ్వర్య.

పేరు

సంస్కృతంలో "తారిణి" అనగా తరింపజేయునది. పడవ అనే అర్థము కూడా కలదు. ఒడిషాలోని గంజాం జిల్లాలో వెలసిన తారా తారిణి దేవి పేరుమీదుగా నౌకకు ఈ పేరు వచ్చినది. పూర్వము సముద్రంపై వర్తకానికి వెళ్ళేవారు ఈ దేవిని కొలిచేవారు. 1936లో ఒడిషా రాష్ట్రము ఏర్పడేవరకు గంజాం ప్రాంతము మద్రాసు ప్రెసిడెన్సీలో భాగము. అక్కడ నేటికీ తెలుగువారు గణనీయంగా ఉన్నారు.

నిర్మాణము

తారిణి గోవాలోని అక్వేరియస్ షిప్‌యార్డులో నిర్మించబడినది. నెదర్లాండ్స్‌కు చెందిన వాన్ డి స్టాట్ సంస్థ రూపొందించిన "టోంగా 56" నమూనా దీనికి ఆధారము. నౌక పొడవు 56 అడుగులు, అనగా సుమారు 17 మీటర్లు. ఇది 2017 ఫిబ్రవరి 18న నౌకాదళంలో చేరినది.

ఇదే నమూనాపై అదే చోట నిర్మించిన ఐ.ఎన్.ఎస్.వి. మాదేయి 2009లో నౌకాదళంలో చేరినది. మాదేయిపై దిలీప్ దోండే 2009-10లో ఒంటరిగా భూప్రదక్షిణ చేసి, ఆ ఘనత సాధించిన తొలి భారతీయుడైనాడు. 2012-13లో అభిలాష్ టోమీ అదే నౌకపై ఎక్కడా ఆగకుండా ఒంటరిగా చుట్టివచ్చాడు. తారిణి మహిళా బృందము శిక్షణ పొందినది కూడా మాదేయిపైనే. 2016 ఫిబ్రవరిలో విశాఖపట్నంలో జరిగిన అంతర్జాతీయ నౌకాదళ సమీక్షకు మహిళా బృందము ఈ నౌకను గోవా నుండి నడిపించుకొని వచ్చినది. అటుపిమ్మట మారిషస్‌కు, కేప్‌టౌన్‌కు యాత్రలు జరిగినవి.

భూప్రదక్షిణ అనగా

తెరచాప నౌకపై చేసిన యాత్రను భూప్రదక్షిణగా గుర్తించుటకు కొన్ని నియమాలు ఉన్నవి.

* బయలుదేరిన రేవుకే తిరిగి చేరవలెను.
* అన్ని రేఖాంశములను, భూమధ్యరేఖను రెండు పర్యాయములు దాటవలెను.
* సూయజ్, పనామా వంటి కాలువల గుండా పోరాదు.
* కనీసము 21,600 నాటికల్ మైళ్ళు ప్రయాణించవలెను.

ఈ చివరి సంఖ్య ఎలా వచ్చినదో తెలుసుకొనుట సులభము. భూమధ్యరేఖపై ఒక డిగ్రీలో 60 భాగములు (నిమిషములు) ఉంటాయి. ఒక్కొక్క భాగము దాదాపు ఒక నాటికల్ మైలు, అనగా 1.852 కిలోమీటర్లు. 360 డిగ్రీలను 60తో హెచ్చవేస్తే 21,600 వస్తుంది. ఇది సుమారు 40 వేల కిలోమీటర్లు, అనగా భూమి చుట్టుకొలత.

యాత్రా మార్గము

గోవాలోని ఐ.ఎన్.ఎస్. మాండవి నుండి అప్పటి రక్షణమంత్రి నిర్మలా సీతారామన్ జెండా ఊపి యాత్రను ప్రారంభించారు. లెఫ్టినెంట్ కమాండర్ వర్తికా జోషి నౌకకు నాయకురాలు. లెఫ్టినెంట్ కమాండర్ ప్రతిభా జామ్వాల్, లెఫ్టినెంట్లు ఎస్.విజయాదేవి, పాయల్ గుప్తా బృందంలోని ఇతర సభ్యులు.

నౌక 2017 సెప్టెంబరు 25న భూమధ్యరేఖను దాటి, అక్టోబరులో ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్ చేరినది. నవంబరు 9న కేప్ లూవిన్‌ను దాటినది. తరువాత న్యూజీలాండ్‌లోని లిటిల్‌టన్ రేవులో ఆగినది. అక్కడి నుండి పసిఫిక్ మహాసముద్రము మీదుగా ఫాక్‌లాండ్ దీవులలోని పోర్ట్ స్టాన్లీ వరకు సాగిన భాగము అన్నిటికంటే దీర్ఘమైనది. ఇందుకు 41 రోజులు పట్టినది. దక్షిణ అమెరికా కొసనగల కేప్ హార్న్‌ను 2018 జనవరిలో దాటారు. మార్చిలో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ చేరారు.

దక్షిణార్ధగోళంలో 40 డిగ్రీల అక్షాంశమునకు దిగువన గాలులు సంవత్సరం పొడవునా పడమర నుండి తూర్పుకు బలంగా వీస్తాయి. వాటిని అడ్డగించు భూభాగము దాదాపు లేదు. అందుచేత తెరచాప నౌకలు తూర్పు దిశగా ప్రయాణిస్తాయి. అక్కడ డిసెంబరు, జనవరి నెలలు వేసవి కాలము గనుక కేప్ హార్న్‌ను ఆ రోజులలో దాటేటట్లు సెప్టెంబరులోనే గోవా నుండి బయలుదేరారు.

ఒడిదుడుకులు

వేసవి అయినప్పటికీ పసిఫిక్‌లో బృందమునకు తీవ్రమైన తుఫాను ఎదురైనది. గాలి వేగము 60 నాట్లను మించినది, అనగా గంటకు సుమారు 110 కిలోమీటర్లు. కెరటాలు 7 మీటర్ల ఎత్తుకు లేచినవి. అటువంటి వేళ తెరచాపలను కుదించి, చుక్కానిని వంతులవారీగా పట్టుకొని, నౌక కెరటాలకు అడ్డం తిరగకుండా కాపాడుకొనవలెను. సహాయము అందగల తీరము వందల మైళ్ళ దూరంలో ఉంటుంది.

హిందూ మహాసముద్రంలో తిరుగు ప్రయాణంలో చుక్కాని యంత్రాంగము చెడిపోయినది. దీనితో ముందుగా అనుకొనని విధంగా 2018 ఏప్రిల్‌లో మారిషస్‌లోని పోర్ట్ లూయీ రేవుకు వెళ్ళి మరమ్మతు చేయించుకొన్నారు. మే 21న నౌక గోవా చేరినది. యాత్రకు మొత్తము 254 రోజులు పట్టినది. ఇందులో 199 రోజులు సముద్రంపైనే గడిచినవి.

ప్రాముఖ్యత

భారత నౌకాదళము వైద్యేతర శాఖలలో మహిళలను అధికారులుగా తీసుకొనుట 1992లో ప్రారంభమైనది. అయితే చాలాకాలము వారి ఉద్యోగములు ప్రధానంగా తీరముననే ఉండేవి. మహిళలు నెలల తరబడి సముద్రంపై పనిచేయగలరా అనే ప్రశ్నకు ఈ యాత్ర ఆచరణలో సమాధానము చూపినది. నౌకాదళ మహిళా అధికారులకు శాశ్వత కమిషన్ ఇవ్వవలెనని సుప్రీంకోర్టు 2020 మార్చిలో తీర్పు చెప్పినది. అదే సంవత్సరము నుండి యుద్ధనౌకలపై వారి నియామకములు మొదలైనవి. తారిణి బృందమునకు నారీశక్తి పురస్కారము, టెన్సింగ్ నార్గే జాతీయ సాహస పురస్కారము లభించినవి.

2024 అక్టోబరు 2న రెండవ నావికా సాగర పరిక్రమ ఇదే నౌకపై ప్రారంభమైనది. ఈసారి లెఫ్టినెంట్ కమాండర్లు దిల్నా కె., రూపా ఎ. ఇద్దరే నౌకను నడిపి, 2025 మే 29న గోవాకు తిరిగివచ్చారు.

తెరచాప ఓడల సాహసయాత్రలు

ఆవిరి ఓడలు వచ్చిన పిదప తెరచాప ఓడలు వర్తకము నుండి తొలగినవి. మిగిలిన కొన్నింటిని బాగుచేసి శిక్షణకు, విహారయాత్రలకు వినియోగిస్తున్నారు. ఉదాహరణకు 1911లో జర్మనీలో దీపనౌకగా నిర్మించిన "యూరోపా"ను మూడు కొయ్యల ఓడగా మార్చారు. రుసుము చెల్లించి ఎక్కినవారు కూడా అందులో చుక్కాని పట్టి, తెరచాపలు ఎత్తి, రాత్రి కాపలా కాస్తారు. భారతదేశంలో మూడు కొయ్యల ఐ.ఎన్.ఎస్. తరంగిణి 1997 నుండి నౌకాదళ శిక్షణార్థులకు ఇటువంటి అనుభవమును కల్పిస్తున్నది. తారిణి విహారనౌక కాదు. అందులో ప్రయాణికులకు ప్రవేశము లేదు.

తెలుగునాట గోదావరి ముఖద్వారమున గల కోరంగి ఒకప్పుడు తెరచాప ఓడల నిర్మాణానికి, మరమ్మతులకు పేరుపొందిన రేవు. 1789, 1839 సంవత్సరములలో వచ్చిన ఉప్పెనలు ఆ పట్టణమును దెబ్బతీసినవి. ప్రస్తుతము తెరచాప పడవల పోటీలు హైదరాబాదులోని హుస్సేన్ సాగర్‌లో జరుగుతున్నవి.

ఇవి కూడా చూడండి

* కోరంగి
* హుస్సేన్ సాగర్
* విశాఖపట్నం
* భారత నౌకాదళం