సింగరేణి కార్మికుల ఆదాయపు పన్ను మినహాయింపు ప్రతిపాదన

రామగుండం, గోదావరిఖని సహా గోదావరి లోయలోని బొగ్గు గనుల్లో పనిచేసే సింగరేణి ఉద్యోగుల జీతాలపై ఆదాయపు పన్ను ఎత్తివేయాలన్న కార్మిక సంఘాల చిరకాల డిమాండే ఈ ప్రతిపాదన. కేంద్రం మినహాయింపు ఇవ్వాలని కోరుతూ 2014లో తెలంగాణ శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానించింది. సంస్థలో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్నా, ఆదాయపు పన్ను కేంద్ర జాబితాలోని అంశం. అందువల్ల పార్లమెంటు చట్టాన్ని సవరిస్తే తప్ప తీర్మానం సిఫార్సుగానే మిగులుతుంది.

భూగర్భంలో వేడి, దుమ్ము, పైకప్పు కూలే ముప్పు మధ్య సాగే పనికి ప్రత్యేక గుర్తింపు కావాలన్నది సంఘాల వాదన. 1961 చట్టం కింద పాత పన్ను విధానంలో అండర్‌గ్రౌండ్ అలవెన్సుపై దక్కిన మినహాయింపు నెలకు 800 రూపాయలే. ఆ పని కష్టం ముందు ఇది నామమాత్రం. కొత్త విధానంలో అదీ లేదు.

మూల వేతనానికి తోడు ఓవర్‌టైం, లాభాల వాటా కూడా పన్ను లెక్కలోకి వస్తాయి. 2023-24కు కార్మికుల వాటాగా లాభాల్లోని 2,412 కోట్లలో 33 శాతం, అంటే 796 కోట్ల రూపాయలు ప్రకటించారు. 2023 మే 20న కుదిరిన 11వ బొగ్గు వేతన ఒప్పందం 2021 జులై 1 నుంచి వర్తించడంతో బకాయిలు ఒకేసారి చేతికొచ్చాయి. ఆ బకాయిలపై పన్ను భారం తగ్గాలంటే 1961 చట్టంలోని 89వ సెక్షన్ కింద ఫారం 10ఇ దాఖలు చేయాల్సి వచ్చింది.

2025-26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల రూపాయల వరకు ఆదాయంపై రిబేటు, 2024-25 నుంచి 75,000 రూపాయల ప్రామాణిక తగ్గింపు అందరు వేతన జీవులతోపాటు గని కార్మికులకూ వర్తిస్తున్నాయి.