యోషికో తనాకా

యోషికో తనాకా (ఏప్రిల్ 8, 1956 - ఏప్రిల్ 21, 2011) జపాన్ దేశానికి చెందిన గాయని, చలనచిత్ర నటి. 1970వ దశకంలో జపాన్ యువతను ఉర్రూతలూగించిన 'క్యాండీస్' గాయనీత్రయంలో ఈమె ఒకతె. అభిమానులు ఈమెను 'సూ' అనే ముద్దుపేరుతో పిలిచేవారు. 1989లో విడుదలైన 'కురోయి అమె' (నల్లవాన) చిత్రంలోని నటనకు జపాన్ అకాడమీ ఉత్తమ నటి పురస్కారం అందుకొంది.

గాయనిగా

తనాకా టోక్యో నగరంలోని అదాచి ప్రాంతంలో జన్మించింది. రాన్ ఇతో, మికి ఫుజిమురాలతో కలిసి 1973 సెప్టెంబరులో తొలి రికార్డు వెలువరించింది. పాట, నాట్యం, చిరునవ్వు కలబోసి సంగీత సంస్థలు తీర్చిదిద్దే ఇటువంటి యువ కళాకారులను జపానులో 'ఐడల్' అంటారు. మొదట తనాకాయే మధ్యన నిలబడి ప్రధానంగా పాడేది. ఆ పాటలకు అంతగా పేరు రాలేదు. 1975లో ఐదవ రికార్డుకు రాన్‌ను మధ్యకు తీసుకురాగా అది విజయం సాధించింది. అప్పటినుండి తనాకా స్థానం పక్కకు జరిగింది. 1976లో వచ్చిన 'హారు ఇచిబన్' పాట జపానులో వసంతాగమనానికి గుర్తుగా నిలిచిపోయింది.

1977 జులై 17న హిబియా ఆరుబయలు రంగస్థలం మీద, బృందాన్ని రద్దు చేస్తున్నామని ముగ్గురూ కన్నీళ్ళతో ప్రకటించారు. తిరిగి మామూలు ఆడపిల్లలం కావాలని ఉందన్న వారి మాట ఆనాటి జపానులో నానుడిగా మారింది. 1978 ఏప్రిల్ 4న కొరాకుయెన్ మైదానంలో జరిగిన వీడ్కోలు కచేరీకి సుమారు 55 వేలమంది హాజరయ్యారు.

నటిగా

మామూలు జీవితం ఎంతో కాలం సాగలేదు. 1980లో తనాకా నటిగా తిరిగివచ్చింది. అయితే ఆమెలోని నటిని లోకానికి చూపినది షోహెయ్ ఇమామురా దర్శకత్వం వహించిన 'కురోయి అమె'. మసుజి ఇబుసె నవల దీనికి ఆధారం. హిరోషిమాపై అణుబాంబు పడిన రోజున కురిసిన నల్లవానలో తడిసిన యసుకో అనే యువతిగా ఆమె నటించింది. యుద్ధానంతరం యసుకోకు వచ్చిన సంబంధాలన్నీ రేడియేషన్ జబ్బు ఉందేమోనన్న అనుమానంతో తప్పిపోతుంటాయి. పిల్ల ఆరోగ్యంగా ఉందని నిరూపించడానికి మేనమామ పడే పాట్లు, పెళ్ళిసంబంధాల సంగతి తెలిసిన మన పాఠకులకు వేరుగా వివరించనక్కరలేదు. చివరకు ఆమె జుట్టు రాలడం మొదలవుతుంది. నలుపు తెలుపులలో తీసిన ఈ చిత్రంలో తనాకా ఎక్కడా అతిగా దుఃఖించదు, గొంతు పెంచదు. నిత్యం నవ్వుతూ కనిపించవలసిన వృత్తిలో పెరిగిన నటికి ఈ నిగ్రహం అబ్బడం విశేషమే. ఈ చిత్రం ఆ సంవత్సరం కాన్ చలనచిత్రోత్సవ పోటీలో ప్రదర్శితమైంది.

అదే ఏడాది డిసెంబరులో వచ్చిన 'గాడ్జిలా' చిత్రంలోనూ ఆమె నటించింది. 2001లో ఎన్.హెచ్.కె. ప్రసారం చేసిన 'చురాసన్' ధారావాహికలో కథానాయిక తల్లిగా ఇంటింటికీ పరిచయమైంది.

వ్యక్తిగత జీవితం, మరణం

1991లో ఆమెకు వివాహమైంది. భర్త సోదరి మసాకో నత్సుమె కూడా ప్రసిద్ధ నటి. 1985లో 27 ఏళ్ళకే ల్యుకేమియాతో మరణించింది. పెళ్ళైన మరుసటి ఏడాదే తనాకాకు రొమ్ము క్యాన్సర్ ఉన్నట్లు తేలింది. ఆ సంగతి ప్రజలకు తెలియనివ్వకుండా దాదాపు 19 సంవత్సరాలు చికిత్స పొందుతూనే నటించింది. 2011లో 55 ఏళ్ళ వయసులో మరణించింది. అంత్యక్రియలలో రాన్, మికి ఇద్దరూ ఆమెకు వీడ్కోలు పలికారు. మరణానికి సుమారు మూడు వారాల ముందు ఆమె పలికి ఉంచిన మాటలను అక్కడ వినిపించారు. నీరసించిన ఆ గొంతు మొదట ప్రస్తావించినది తన జబ్బును కాదు, ఆ మార్చి 11న సంభవించిన భూకంప, సునామీ బాధితులను.